తోడుపలుకు

2078 నాటికి తల్లులు ఇంటర్నెట్‌లో వెతకడం మానేశారు. వెతుక్కునేంత తీరిక ఏ పసిబిడ్డ తల్లికి ఉంటుంది కనుక? చెవి వెనక కందిగింజంత తోడుపలుకు అంటించుకుంటే చాలు. అందులోని క్రై అనలైజర్, అంటే రోదన విశ్లేషిణి, బిడ్డది ఆకలి ఏడుపో కడుపునొప్పి ఏడుపో పోల్చుకుని, అదే ఈడు పిల్లలున్న ఆరుగురు తల్లులతో మాట కలిపేది.

భీమిలి దగ్గర సముద్రం మీద తేలే కాలనీలో ఉండే హైమకు వాళ్లే లోకం. భర్త నెలకు ఇరవై రోజులు సముద్రగర్భంలోని గనిలో ఉంటాడు. కన్నతల్లి లేదు. కొడుకు చేతన్‌తో ఊకొట్టీ ఊకొట్టీ పెద్దవాళ్ల మాటలే మరిచిపోతానేమోనని ఆమెకు భయం.

ఆరుగురిలో రజిత అనే ఆవిడను మాత్రం కిందటి నెల హైమే తీసేయించింది. అడిగిన రెండు గంటలకు గానీ పలికేది కాదు. పలికినా, నాకూ ఏం పాలుపోవట్లేదు, నువ్వేం చేస్తున్నావో చెప్పమనేది. మాట మధ్యలో మాయమయ్యేది. ఇది తల్లి కాదు, చెడిపోయిన యంత్రమని హైమ ఫిర్యాదు పెట్టింది.

చేతన్‌కు ఆరో నెల వచ్చింది. అన్నప్రాసనకు మిగిలిన అయిదుగురినీ పిలిచింది హైమ. పాయసం వండింది, అయిదు తాంబూలాలు రవికె గుడ్డలతో సహా సర్దింది. ముహూర్తం దాటింది. గడప తొక్కినవాళ్లు లేరు. అందరూ చెవిలో తియ్యగా దీవించారే గానీ, ఎక్కడున్నారంటే ఒక్కరూ చెప్పలేదు.

"నిజం చెప్పు, వీళ్లు మనుషులేనా?" అని తోడుపలుకునే అడిగింది.

నేరుగా అడిగితే దాచకూడదని చట్టం.

"కాదండీ. ఆరుగురిలో రజితగారొక్కరే మనిషి. మొదట్లో తల్లులందరినీ మనుషులతోనే కలిపేవాళ్లం. వాళ్లకీ పిల్లలే కదండీ, ఆలస్యంగా పలికేవారు. దాంతో ఒకరినొకరు తీసేయించుకున్నారు. వాళ్ల చోట మేం యంత్రపు గొంతులు పెట్టాం."

హైమకు ఏడుపొచ్చింది. రజితను కలపమని, కాళ్లు పట్టుకునైనా క్షమాపణ అడుగుతానని బతిమాలింది.

"ఆవిడ వద్దన్నారండీ. మీరు తీసేయించాక, మనుషులు లేని బృందాన్ని అడిగి మరీ తీసుకున్నారు. ఇప్పుడు హాయిగా ఉన్నారు."

చేతన్ ఆకలికి రాగం అందుకున్నాడు. హైమ వేలితో కాస్త పాయసం తీసి వాడి నాలుకకు రాసింది. ఆ వెంటనే, క్షణం ఆలస్యం లేకుండా, అయిదు గొంతులూ చెవిలో సంబరపడ్డాయి. హైమ కళ్లు తుడుచుకుని వాళ్లకు థాంక్స్ చెప్పింది.