సరస్సు అవతలి ఇల్లు

కైసా మొదటిరోజే మా ఇంట్లో మూడు కప్పులు పెట్టింది. ఒకటి బల్ల మీద నా ముందు, ఒకటి తన ముందు, మూడోది దూరంగా కిటికీలో.

“ఏది కావాలి మీకు?”

“అదివ్వండి,” అన్నాను కిటికీ వైపు చూస్తూ.

ఆమె కళ్ళు మెరిశాయి. కాఫీ మాత్రం పొయ్యలేదు. నాకేం అర్థం కాలేదు.

టార్టూ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది ఆ అమ్మాయి. మా వోరు ప్రాంతపు పల్లెల యాస రికార్డ్ చేసుకుంటుందట. ఎందుకని అడిగితే, “ఇప్పుడే చెప్పకూడదు,” అంటుంది. వారమంతా నాతోనే తిరిగింది. శుక్రవారం వానలో ఇద్దరం ఒకే గొడుగు కింద నిలబడ్డాం. సరస్సు చుట్టూ ఉన్న ఇళ్ళు చూపించి మొదలుపెట్టింది.

“వీటిలో ఏది నచ్చింది?”

“అవతలున్నది.”

“దానిలో ఉంటారా? దానికి ఏ రంగు వేస్తారు? దానిలోంచి బయటికొస్తే ఏం కనపడాలి?”

నాకు మతి పోయింది. ఇంటికెళ్ళి చెబితే నానమ్మ పొయ్యిలోకి కట్టె తోసి నవ్వింది.

“పెళ్ళీడు పిల్ల ఊరికే ఇళ్ళ సంగతి అడుగుతుందట్రా రౌనో? ఆదివారం బస్సెక్కేస్తుంది. రేపు సాయంత్రం ఆవిరిస్నానానికి సౌనా వేడిచేసి ఆ పిల్లని పిలుస్తాను. ఈలోగా నోరు విప్పు.”

విప్పాను. కాకపోతే వేరే మనిషి దగ్గర. శనివారం పొద్దున్నే అవతలికి పడవేసుకుని వెళ్ళి, ఆ ఇంటి ముసలాయన్ని ఇల్లు అమ్ముతారా అని అడిగాను. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

సౌనా గడప దగ్గర కైసా నన్ను నిలదీసింది.

“ఇల్లు కొంటున్నారట? నాకు కావలసింది ఇల్లు కాదండీ. దగ్గరున్నదాన్నీ దూరంగా ఉన్నదాన్నీ మీవాళ్ళు ఏ మాటతో చూపిస్తారు, ఆ మాటకి విభక్తులెలా తగిలిస్తారు, అదీ నా పరిశోధన. ముందే చెబితే జనం జాగ్రత్తపడి పుస్తకాల్లోలా మాట్లాడతారు.”

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. “అయితే ఆ గొడుగూ పరిశోధనేనా?”

“రికార్డర్ తడవకుండా పట్టాను.”

“మంచిది. పని అయిందిగా, రేపు బస్సెక్కండి. నేను మాత్రం మీరంటే ఇష్టం కాబట్టే అడిగాను ఆ ఇల్లు.”

కైసా గడప మీదే కూర్చుంది.

“పని అవలేదు. నిన్నటి రికార్డింగ్ పనికిరాదు.”

“ఏం, నేను తప్పు చెప్పానా?”

“తప్పు నాది. మేం ప్రశ్న అడిగి ఊరుకోవాలి, మధ్యలో మాట్లాడకూడదు. ఇవాళ విన్నాను. మీరు రెండు ముక్కలు చెప్పి ఆపారు. తర్వాతంతా నా గొంతే, వంటగది సరస్సు వైపుండాలి, మెట్ల పక్కన ఆపిల్ చెట్టుండాలి అంటూ...”

“ఎందుకలా?”

“నాకూ అర్థం కాలేదు. మళ్ళీ మళ్ళీ వింటేగానీ తెలియలేదు.” తల దించుకుంది. “ముసలాయన ఏమన్నాడు?”

“అమ్మడట.”

“మళ్ళీ అడుగుదాం. ఈసారి ఇద్దరం వెళ్దాం.”