మూత మీద అయిదు, లోపల రెండు

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పెద్దాయన ఒక ప్యాంటు పట్టుకుని డ్రైక్లీనింగ్ షాపులోకి వచ్చాడు.

"మరక పోలేదు."

"రంగు పోతే ఒప్పుకుంటారా?" అన్నాడు కౌంటర్లో లాండ్రీ.

కోడ్ కుదిరింది. గూఢచారి డిపార్ట్‌మెంటులో అతని పేరే లాండ్రీ. ఆరేళ్ళ ఆ మారువేషం వల్ల దేశానికెంత మేలు జరిగిందో గానీ, వీధిలో జనం చొక్కాలు మాత్రం తళతళలాడుతున్నాయి.

"మూడు వందల మంది ఉన్న ఓడలో విదేశీ ముఠా బాంబు పెట్టింది," అన్నాడు పెద్దాయన. "కదిపితే పేలుతుంది. ఆపే కోడ్ ఈ పెన్‌డ్రైవ్‌లోని ఫైల్లో ఉంది. ఫైలుకి తాళం. సాయంత్రం నాలుగింటికి గడువు."

"మన మెషీన్ అయిదు గిగాహెర్ట్జ్ వేగంతో గంటలో విప్పేస్తుంది సార్."

ఇద్దరూ మెషీన్ ఉన్న వెనక గదిలోకి వెళ్ళారు. దాన్ని కట్టిన లాండ్రీ భార్య అప్పటికే అక్కడ ఉంది. ఎర్ర లిప్‌స్టిక్, చేతిలో వెండి పౌడర్ డబ్బా. ఆవిడ వస్తుంటే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని ఆఫీసులో చెప్పుకునేవారు. నిజానికి ఆ సెన్సర్లు బిగించిందీ ఆవిడే.

మెషీన్ రెండుంబావుకి ఒకసారి ఆగిపోయింది. రెండూ నలభైకి మళ్ళీ ఆగింది. ఆగిన ప్రతిసారీ పని మొదటికొచ్చింది.

"వోల్టేజ్ పెంచండి," అంది భార్య, డబ్బా అద్దంలో చూసుకుంటూ.

లాండ్రీ చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. చిప్పుని మామూలు కంటే వేగంగా పరిగెత్తించే ఓవర్‌క్లాకింగ్ అతనికి నేర్పింది ఆవిడే. కంపెనీ ఒకే పేరుతో చిప్పులు అమ్ముతూనే లోపాలు దిద్దుకుంటూ పోతుంది. దిద్దినప్పుడల్లా మారే అంకే స్టెప్పింగ్. కొత్త స్టెప్పింగ్ తక్కువ వోల్టేజ్‌తో, తక్కువ వేడితో పైకి పరిగెడుతుంది. పాతది మధ్యలో చతికిలబడుతుంది. 'ముందు స్టెప్పింగ్ చూడాలండీ, వోల్టేజ్ తర్వాత' అని ఎన్నిసార్లు చెప్పిందో! అలాంటి మనిషి, చూడకుండానే పెంచమంటోంది.

అతను చూశాడు. తెర మీద స్టెప్పింగ్: 2.

పోయినవారం లాగ్‌బుక్‌లో తన చేత్తో రాసింది: 5.

చిప్పు మీది కూలర్ విప్పి పేస్టు తుడిచాడు. లోహపు మూత మీద ఉన్నది అయిదో స్టెప్పింగ్ కోడే. కానీ పక్కకు వంచితే పాత రాతను గీకిన గీతలు మెరిశాయి. మూత మీద ఏమైనా చెక్కొచ్చు. సిలికాన్‌లో ఉన్న అంకె మారదు.

"దీంతో నాలుగు గిగాహెర్ట్జ్ దాటదు సార్. డెబ్బై అయిదు నిమిషాలు పడుతుంది," అన్నాడు. గడియారంలో రెండూ యాభై. "ఈ గది తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గరుంది."

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. అది పిస్టలని అతనికి తెలుసు. పెళ్ళిరోజుకి కొనిపెట్టింది తనే. పెద్దాయన ప్యాంటు విసిరి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గుండు సీలింగులోకి పోయింది.

"అసలు చిప్పు ఏదమ్మా?" అరిచాడు పెద్దాయన. "ఏం చేశావు? నలగ్గొట్టావా?"

"నలగ్గొట్టదు సార్," అన్నాడు లాండ్రీ. "నలభై చిప్పులు పరీక్షించి ఏరుకుంది దాన్ని. ఆరోజు అన్నం కూడా తినలేదు. అలాంటి ముక్కని పారెయ్యడానికి చేతులెలా వస్తాయి?"

పౌడర్ డబ్బా తెరిచాడు. పఫ్ కింద, నల్ల నురుగు మెత్తలో, భద్రంగా ఉంది.

ఎనిమిది నిమిషాల్లో బిగించాడు. అయిదు గిగాహెర్ట్జ్. తెర మీద స్టెప్పింగ్: 5.

ఇక గంటసేపు చేసేదేం లేదు. చేతులు కట్టేసిన భార్య ఎదురుగా కూర్చున్నాడు.

"ఎప్పుడు మారావు?"

"మారలేదు. మొదట్నుంచీ ఇంతే. నువ్వే మూత చూసి మురిసిపోయావు."

ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె అతణ్ణి 'నువ్వు' అనడం అదే మొదలు. లిప్‌స్టిక్ తూటా కంటే అదే సూటిగా తగిలింది.

మూడూ యాభై ఎనిమిదికి ఎనిమిది అంకెలు తెర మీదికొచ్చాయి. పెద్దాయన వాటిని రేడియోలో ఓడకి చదివాడు. అరనిమిషం తర్వాత అవతల ఎవరో ఏడుస్తూ నవ్వడం వినిపించింది.

ఆమెను తీసుకెళ్ళిపోయాక పెద్దాయన నేల మీది ప్యాంటు దులిపాడు.

"ఇది కోడ్ కోసం తెచ్చిందే గానీ, మరక మాత్రం నిజమేనోయ్. పోతుందా?"

లాండ్రీ అలవాటుగా ప్యాంటు తిరగేసి లోపలివైపు చూశాడు.

"గురువారం రండి సార్. ఇకమీదట దేన్నైనా లోపల చూశాకే మాటిస్తాను."