పీటముడి

మరిదే తీసుంటాడు, ఇంకెవరు తీస్తారు, అయినా అతను ఇంటికొచ్చినప్పుడు మంచినీళ్లు కూడా తాగలేదే, మంచినీళ్లు ముట్టనివాడు కాగితం దొంగిలిస్తాడా, ఛ, ఈ మనసొకటి, గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది...

"కాగితాల కట్టకి కట్టిన తాడు ఉందా అమ్మా?"

ఆమె ఉలిక్కిపడి డిటెక్టివు వైపు చూసింది. ఆయన్ని వీధంతా నత్త అంటుంది. మెల్లగా పాకుతాడు, మూలమూలా తడిమిగాని వదలడు.

"ఉందండీ. ముడి ఎంతకీ ఊడకపోతే కత్తెరతో కోశాను."

పోయింది ఒక్క కాగితమే. కూతురికి పదకొండో ఏట జ్వరంతో కుడిచెయ్యి పడిపోయినప్పుడు డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్టు. రైల్వేలో సిగ్నల్‌మన్‌గా పనిచేసి పోయిన భర్త పింఛను ఇప్పుడు తనకొస్తోంది. తన తర్వాత అది కూతురికి రావాలంటే, ఆ చెయ్యి చిన్నప్పుడే పడిపోయిందని రుజువు చూపాలి. దరఖాస్తుకి రేపే ఆఖరి రోజు. ఆ ఆసుపత్రి ఎప్పుడో మూతపడింది.

మరిది గుమ్మంలోంచే అందుకున్నాడు. "వదినా, నన్ను దొంగన్నావట!"

"అనలేదు. అనుకున్నానంతే."

"అమ్మయ్య, బతికించావు!"

డిటెక్టివు దగ్గర అసిస్టెంటుగా ఉన్న మాజీ టైపిస్టు నవ్వు ఆపుకుంటూ రాసుకుంటోంది. డిటెక్టివు గొడుగు పట్టీ తెగి వేలాడుతోంది. ముప్పై నాలుగేళ్ల కూతురు గొడుగు అందుకుని, పట్టీ ఒక కొస పళ్లతో పట్టి, రెండో కొస ఎడమచేత్తో తిప్పి ముడి బిగించి ఇచ్చింది.

ఆయన ఆ ముడిని చాలాసేపు చూశాడు. తర్వాత అందర్నీ కూర్చోమన్నాడు.

"అమ్మగారు వేసేది జారుముడి. అల్మరాలో మిగతా కట్టలన్నీ అలాగే ఉన్నాయి. ఈ తాడుకేమో పీటముడి, కొసన పంటిగాట్లు. రెండు చేతులూ ఆడేవాడికి పళ్లతో పనేముంది? బాబాయిగారూ, మీరు గట్టెక్కారు. అమ్మాయ్, నా గొడుగు ముడీ, ఈ ముడీ అక్కచెల్లెళ్లు."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికాను, అనుకుంది తల్లి.

కూతురు లేచి, గోడకు తగిలించిన తండ్రి డ్యూటీ కోటు జేబులోంచి కాగితం తీసింది.

"చదవండి టైపిస్టు పిన్నీ. ‘ఈ పిల్ల జీవితాంతం ఏ పనికీ రాదు.’ ఈ ఇంట్లో నీళ్ల మోటారు విప్పి బాగుచేసేదెవరు? ఈ మాటను ఆఫీసులో పదిమంది చదవాలా? అందుకే నాన్నకిచ్చేశాను."

"ఆ డాక్టరు చూసింది మంచం మీద పిల్లని. నిన్ను చూళ్లేదు," అన్నాడు డిటెక్టివు. "ఆఫీసుకి కావలసింది ఆ పైనున్న తేదీ. నువ్వు అడుగుతున్నది దయ కాదమ్మా. ఎండనకా వాననకా పట్టాల పక్కన జెండా పట్టుకుని నిలబడి మీ నాన్న నీకు మిగిల్చిన వాటా. కాదంటే ఆయన కష్టాన్ని కాదన్నట్టే."

"మా అన్న కూతురండీ!" అన్నాడు మరిది, కళ్లు తుడుచుకుంటూ. "దొరికిపోయినా దర్జాగా దొరికింది."

తల్లి దరఖాస్తు ముందు పెట్టి, అలవాటుగా ఇంకుప్యాడు మూత తీసింది. ఇరవై మూడేళ్లుగా ప్రతి కాగితం మీదా కూతురి బొటనవేలు తనే పట్టుకుని నొక్కింది. తొందరగా అయిపోతుందని. ఆ తొందర ఎవరిదో ఎన్నడూ తనని తాను అడగలేదు.

కూతురు కలం మూత పళ్లతో లాగింది. ఎడమచేత్తో సంతకం మొదటి అక్షరం మెల్లగా దిద్దింది.

సాయానికి లేచిన తన చేతిని తల్లి వెనక్కి తీసుకుంది. ఇంకుప్యాడు మూత మూసేసింది.