తట్టని తలుపులు

పరుగు!

ముందు, ఐస్ బాక్స్ చంకన పెట్టుకున్న దొంగ. వెనక హెడ్ కానిస్టేబుల్. అతని వెనక, ఊపిరందక నోరు తెరుచుకుని, హెల్త్ ఇన్‌స్పెక్టర్.

వాన... చీకటి... కరెంటు లేదు. కాలి కింద బురద జర్రుమంటోంది.

బాక్స్‌లో ఉన్నది కంఠసర్పికి, అదే డిఫ్తీరియాకి, విరుగుడు మందు. ఊళ్లో మిగిలిన సీసాలన్నీ అందులోనే. ఆసుపత్రి మెట్ల మీద, ఇన్‌స్పెక్టర్ చేతుల్లోంచే లాక్కుపోయాడు వాడు.

లోపల వార్డులో ఆ మందు కోసమే కళ్లు కాయలు కాసేలా చూస్తోంది ఇన్‌స్పెక్టర్ అక్క. ఒళ్లో కొడుకు. వాడి గొంతులో బూడిదరంగు పొర. ఊపిరి తీస్తే ఈల.

దొంగ మలుపు తిరుగుతాడు.

మాయం!

హెడ్డు టార్చి వేస్తాడు. ఇరుకు సందు. రెండు వైపులా మూసిన తలుపులు. చూరు కింద, తడవకుండా, ప్రతి తలుపు మీదా సుద్దతో గీసిన టిక్కు.

"ఈ చేతిరాత మీదేగా సుద్దసారూ?" హెడ్డు నవ్వుతాడు. డిపార్ట్‌మెంట్లో ఇన్‌స్పెక్టర్‌కి స్థిరపడిపోయిన పేరది. "టిక్కు ఉందంటే లోపల జబ్బు లేదనేగా?"

"ఊఁ."

"జబ్బు లేని ఇంటికి మందు దేనికి? వాడు ఇక్కడ ఆగడు. గోడ దూకేసుంటాడు. పదండి."

ఇన్‌స్పెక్టర్ కాళ్లు కదలవు.

ఆ టిక్కులు పెట్టింది తనే. మొన్న. బండి దిగకుండా.

ఒక్క తలుపూ తట్టలేదు. ఒక్క పిల్లనీ నోరు తెరవమనలేదు. ఎండ మాడ్చేస్తోంది, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, చేతిలో సుద్ద ఉంది... గీసుకుంటూ పోయాడు. సాయంత్రానికి ఆ టిక్కులు ఫోన్‌లోంచి ఆఫీసుకి, ఆఫీసులోంచి రాజధానికి చేరాయి. అక్కడి దేశం మ్యాపులో ఈ సందు పచ్చగా వెలిగింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి.

చెబితే ఉద్యోగం ఊడుతుంది. కేసు కూడా పెడతారు.

"ఏంటి సార్, కాలు బెణికిందా?"

"ఏం లేదు. పద."

గోడ ఎక్కి దూకుతారు. అవతల ఖాళీ స్థలం. తుప్పలు. తడిసి వణుకుతున్న కుక్క. హెడ్డు ప్రతి తుప్పనీ లాఠీతో పొడుస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ కూడా వంగి వెతుకుతున్నాడు... అక్కడ ఎవరూ ఉండరని తెలిసీ!

ఫోన్. అక్క.

"తమ్ముడూ, వీడి పెదాలు నీలంగా అవుతున్నాయిరా. ఎక్కడున్నావు?"

"వస్తున్నానక్కా."

ఫోన్ జేబులో పెడతాడు. ఇక ఆగలేడు.

"హెడ్డూ... అవి దొంగ టిక్కులు."

"అంటే?"

"నేను ఒక్క ఇల్లూ చూడలేదు."

టార్చి వెలుగు అతని ముఖం మీద పడుతుంది. అక్కడే ఆగిపోతుంది.

"ఇందాక బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారే సార్. ఆ ఏడుపేదో అప్పుడే ఏడవాల్సింది."

మళ్లీ గోడ. మళ్లీ సందు. ఈసారి తలుపులు తడుతున్నారు... బాదుతున్నారు...

ఒక తలుపు వెనక ఈల. అదే ఈల! పసిగొంతులోంచి.

హెడ్డు భుజంతో ఒక్క తోపు తోస్తాడు. గడియ ఊడుతుంది.

కొవ్వొత్తి వెలుగు. చాప మీద చిన్నపాప. మెడ ఉబ్బిపోయి ఉంది. పక్కన ఖాళీ ఐస్ బాక్స్. పొయ్యి దగ్గర దొంగ, చేతిలో సిరంజి.

హెడ్డు తుపాకీ తీస్తాడు. "కదలకు."

"కాల్చండి సార్. నా కూతురికి సూది వేసి, తర్వాత కాల్చండి." వాడి గొంతు బొంగురుపోయింది. "పొద్దున ఆసుపత్రికి ఎత్తుకెళ్లా. దీని నోరు కూడా చూడలేదు. మీ సందు మ్యాపులో పచ్చగా ఉంది, ఇది ఉత్త జలుబే అని మాత్రలిచ్చి పంపేశారు. సాయంత్రం మళ్లీ పోతే, మందు వస్తోందని నర్సులు అనుకుంటున్నారు..."

ఇన్‌స్పెక్టర్ చూపు వాడి మీద లేదు.

పొయ్యి మీద గిన్నె. కుతకుత మరిగే నీళ్లు. నీళ్లలో... సీసాలు!

"ఏం చేశావురా?"

"మా అమ్మకి సూది వేసేముందు కాంపౌండర్ అన్నీ మరిగించేవాడు సార్. క్రిములు చావాలని."

ఇన్‌స్పెక్టర్ మరిగే నీళ్లలో చెయ్యి పెడతాడు. సీసాలు లాగి నేల మీద పడేస్తాడు. లోపల మందు ఉడికిన తెల్లసొనలా గడ్డకట్టింది. ఇక అది ఎందుకూ పనికిరాదు.

తను తుప్పల్లో వెతుకుతున్నప్పుడు ఇవి ఇంకా చల్లగానే ఉన్నాయి.

"ఒకటి గిన్నెలో పట్టలేదు సార్." వాడు చొక్కా జేబులోంచి తీస్తాడు.

చల్లటి సీసా. తేటగా ఉన్న మందు.

ఒక్కటి! సగం సగం చేస్తే ఇద్దరికీ చాలదు.

ఫోన్.

"దొరికిందా తమ్ముడూ?"

చాప మీద ఈల ఆగుతుంది... మళ్లీ మొదలవుతుంది. హెడ్డు తుపాకీ దించి, అతని వైపే చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కాలిన చేతిని చాస్తాడు. సిరంజి అందుకుంటాడు.

"లేదక్కా," అంటాడు. "దొరకలేదు."