దుప్పట్ల చాటు గాలి

మీటింగు హాల్లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా లాండ్రీ వాళ్ళమ్మాయికి చెమటలు ఆగడం లేదు. కూర్చున్న కుర్చీలో ముళ్ళున్నట్టు ఇటూ అటూ కదులుతోంది.

వీధి వెనకున్న ఖాళీ స్థలంలో సిమెంటు ఫ్యాక్టరీ కట్టనివ్వాలా వద్దా అన్నది ఇవాళ తేలాలి. "ఆరేసిన బట్టల మీద ఆ దుమ్ము పడితే మా షాపు మూతే" అని వాళ్ళ నాన్న అప్పటికే ఒకసారి లేచి మొత్తుకున్నాడు.

ఇప్పుడు మైకు ముందుకు వచ్చినవాడు గాలి ఇంజనీరు. ఆ పేరు ఆమె పెట్టిందే. మూడు నెలల కిందట గాలి కొలిచే మీటరుతో వాళ్ళ డాబా ఎక్కినప్పుడు మొదటి మాటే తగువు.

"మీరు ఎవరి తరఫు?"

"గాలి తరఫండి."

"మరి జీతం కూడా గాలే ఇస్తుందా?"

"మునిసిపాలిటీ ఇస్తుంది. కాస్త దారిస్తారా?"

మీటరు డాబా మీదే బిగించి, ఆ తర్వాత వారం వారం వచ్చేవాడు. రీడింగులు రాసుకోవడం ఐదు నిమిషాల పని. దానికి గంట పట్టేది.

"ఇళ్ళ వైపు గాలి దాదాపు లేదు. దుమ్ము ఇటు రాదనే రీడింగులు చెబుతున్నాయి" అన్నాడతను మైకులో, కాగితం మీంచి తలెత్తకుండా.

ఆమె కుర్చీలో కదలడం ఆపేసింది. గాలి లేకపోవడమేమిటి? మధ్యాహ్నమైతే క్లిప్పులు పెట్టినా దుప్పట్లు నిలవవు. అప్పుడు తట్టింది అసలు సంగతి.

చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే వీధే పోతుంది. ఇక ఉండబట్టలేక లేచి నిలబడింది.

"ఆ రీడింగులు తప్పండి. రెండు నెలలుగా మీటరుకి అడ్డంగా తడి దుప్పట్లు ఆరేశాను."

మునిసిపల్ చైర్మన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎవరు ఆరేయమన్నారు? ఫ్యాక్టరీ వాళ్ళా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరూ కాదు. దండెం డాబాకి అవతలి చివరుండేది. ఈయన వచ్చేసరికి నాకక్కడ ఏదో పని ఉండాలని దాన్ని మీటరు పక్కకి మార్చాను."

నవ్వులు మొదలయ్యాయి. ఆమె మాత్రం కూర్చోలేదు.

"తప్పు ఆవిడది కాదండి" అన్నాడు ఇంజనీరు, చెవుల దాకా ఎర్రబడి. "అడ్డం ఉంటే తీయించడం నా డ్యూటీ. దుప్పట్లు చూశాను. చెబితే దండెం మళ్ళీ అవతలికి పోతుందని ఊరుకున్నాను. ఈ రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను."

మళ్ళీ మూడు నెలలు, వేరే ఇంజనీరుతో కొలిపించాలని చైర్మన్ తేల్చాడు. అప్పటిదాకా ఫ్యాక్టరీ పని మొదలుపెట్టకూడదన్నాడు.

నాన్న నెమ్మదిగా మైకు దగ్గరికి నడిచాడు. "ఆదివారం మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకురావయ్యా."

"గాలి సంగతి మాట్లాడడానికాండి?"

"గాలి సంగతికి వాళ్ళెందుకయ్యా?" అన్నాడు నాన్న.