గాడిదల పందెం, నేటి ధర

"ఇక్కడ మోహన్‌కుమార్ అంటే ఎవురు?"

బెంగళూరు యలహంక పాతపేటలో స్టీలు సామాన్ల అంగడి గడప మీద నిలబడి, తడిసిన హెల్మెట్ తీయకుండానే అడిగిందా అమ్మాయి. బయట వాన దంచి కొడుతోంది. లోపల మోహన్ బిందె తుడుస్తున్నాడు.

"నేనే. ఏం కావాల?"

"నీ తలకాయ కావాల. నా పేరు శశికళ. వైట్‌ఫీల్డ్‌లో గేమ్‌గూడు ఆఫీసు నుంచి వచ్చినా. అక్కడ ధరలు పెట్టేది నేనే."

మోహన్ గుండె జారి బిందెలో పడింది.

గేమ్‌గూడు వీడియో గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోరు. అట్లాంటి స్టోర్లన్నింటిలో ఏ ఆట ధర ఎప్పుడు తగ్గిందో కనిపెట్టి, నాలుగువేల మంది ఉన్న తన గ్రూపులో చాటింపు వేయడం మోహన్ వ్యసనం. తాను మాత్రం ఒక్క ఆటా కొనడు. ఇంకా తగ్గుతుందేమోనని ఆరేళ్ళుగా ఆగుతూనే ఉన్నాడు. మొన్న గేమ్‌గూడు గురువారం ధరలు పెంచి, శుక్రవారం 'మహా తగ్గింపు' అంటే, గ్రాఫు గీసి మరీ పరువు తీశాడు. కింద 'సంప్రదించండి' అని అంగడి అడ్రసు, ఫోన్ నంబరు ఇవ్వడం అతని సొంత తెలివి.

"ఉండేదే రాసినా. ముందురోజు పెంచి మరుసటిరోజు తగ్గించేది మోసం కాదా?" అన్నాడు బింకంగా.

శశికళ పక్కనున్న కుక్కర్ తిప్పి చూసింది. చీటీ మీద రూ. 2,800 కొట్టేసి రూ. 1,400 అని రాసుంది. రాత మోహన్‌దే.

"దీన్ని ఎప్పుడన్నా రెండువేల ఎనిమిది నూర్లకి అమ్మినారా?"

లోపలినుంచి అవ్వ భాగీరథమ్మ జవాబిచ్చింది. "యాడమ్మినాం తల్లీ! అట్ల రాస్తేనే కొంటారు."

శశికళ పకపకా నవ్వింది. పోట్లాటకు వచ్చిన మనిషి అవ్వ ఇచ్చిన కాఫీ తాగి, చివరికి హెల్మెట్ కూడా తీసి, అరగంట కూర్చుంది. ఆ అరగంటలో మోహన్ పూర్తిగా పడిపోయాడు. నంబరు అడగాలని నోటిదాకా వచ్చింది. కాస్త ఆగి అడుగుదాం అనుకునేలోగా ఆమె స్కూటర్ సందు మలుపు తిరిగిపోయింది.

సోమవారం మధ్యాహ్నం అతని ఫోన్‌కు ధర మారిందని అలర్టు వచ్చింది. గేమ్‌గూడులో 'గాడిదల పందెం', రూ. 98. పుట్టి బుద్ధెరిగాక మూడంటే మూడు కాపీలు అమ్ముడైన ఆట అది. మంగళవారం అదే ఆట రూ. 45. బుధవారం ఇంకో ధర, గురువారం ఇంకొకటి, అన్నీ రెండంకెలే. శుక్రవారం అయిదో ధరతో ఆగిపోయింది.

మోహన్ అయిదు రంగుల్లో గ్రాఫు గీశాడు. 'సర్వర్ చెడిపోయింది' అని రెండు పేజీల వ్యాసం రాసి గ్రూపులో పెట్టాడు. ఇంత తెలివిగలవాడికి పెళ్ళెట్లా అవుతుంది?

శనివారం పొద్దున సర్జాపుర నుంచి మునిస్వామి అనే సభ్యుడు అదే గ్రూపులో రాశాడు.

"అన్నా, ఆ అయిదు ధరలూ వరసగా రాస్తే ఫోన్ నంబరు మాదిరి ఉండాది. చేసినా. ఎవురో అమ్మాయి ఎత్తి 'మోహనా?' అనింది. కాదు, మునిస్వామి అని చెప్పినా. పెట్టేసింది."

మోహన్ లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. అయిదు రోజులపాటు ఆ పిల్ల తన నంబరు చెబుతుంటే, తాను సర్వర్‌కు జబ్బు కనిపెట్టాడు!

నంబరు నొక్కాడు. బిజీ. మళ్ళీ బిజీ. మునిస్వామి పుణ్యమా అని నాలుగువేల మందికీ అది కస్టమర్ కేర్ నంబరై కూర్చుంది. రేపు సేల్ ఉందా, కూపన్ ఉందా అని ఊరంతా ఆమెనే అడుగుతోంది.

సాయంత్రం మరో అలర్టు. గాడిదల పందెం, రూ. 9,999.

అది కోపమని ఈసారి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఈ మనిషిని పోగొట్టుకుంటే మళ్ళీ దొరకదని మోహన్‌కు అర్థమైంది. ఫోన్ కలవదు. ఆమె కంటబడేలా రాయడానికి మిగిలింది ఆ ఆట కింద అభిప్రాయాల పెట్టె ఒక్కటే. అందులో రాయాలంటే ఆట కొనాలి.

"ఏమిరా కొంటా ఉండావు?" అంది అవ్వ.

"గాడిదల ఆటవ్వా. పదివేలు."

"తగ్గేదాకా ఆగవా?"

"ఆగను."

అవ్వ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది.

కొన్నాడు. కింద రాశాడు: 'ఆట బాగుండాది. నాకే బుద్ధి లేదు. నీ ఫోన్ తగలడంలా. అంగడికి నువ్వే చెయ్యి. మోహన్.'

అరగంటకు అంగడి ఫోన్ మోగింది.

"బుద్ధి ఉండాదా నీకు? రేపటికి తగ్గించేదాన్ని కదప్పా! నిన్ను చూసి ఇంకా పదకొండుమంది కొన్నారు. అన్న కొన్నాడంటే ఏదో ఉండాది అంట! మా బాసు నాకు ప్రమోషన్ ఇస్తానంటా ఉండాడు. అందరి డబ్బులూ వెనక్కి పంపించాల. నీవీ పంపిస్తా."

"నాకొద్దు."

"ఎందుకొద్దు?"

"ఇంకా ఆగుంటే చెయ్యి జారిపోతుందని భయమయింది."

"గాడిదలా?"

"నువ్వు."

అవతల టిక్ టిక్ మని ఏదో మోగింది.

"ఉండు, ఇంకెవురో చేస్తా ఉండారు," అంది మెల్లగా.

"ఎత్తొద్దు," అన్నాడు మోహన్.

"ఎత్తనులే," అంది శశికళ.