సైలెన్సర్ మచ్చ

పొద్దున్నే పంపు దగ్గర బట్టలు నానబెడుతున్న వసుమతికి భర్త పైజామా చేతికి తగిలింది. కుడి కాలి పిక్క ఉండే చోట అరచేయంత మరక ఎండి గట్టిపడి ఉంది. గ్రీసు మరకలు ఆమెకు కొత్త కాదు. బీదర్ బజారులో మోటార్ సైకిల్ సామాన్ల దుకాణం నడిపే గుండేరావును కట్టుకున్న నాటి నుంచి ఆ ఇంట్లో తాలింపు వాసన కంటే గ్రీసు వాసనే ఎక్కువ. కానీ ఈ మరక అడుగున ఎరుపు ఉంది. వాసన కూడా గ్రీసుది కాదు.

"ఇగో, జర ఇటు రాండ్రి," అని పిలిచింది. "ఈ నెత్తురేంది?"

గుండేరావు చాయ్ కప్పుతో గడప దగ్గరే ఆగిపోయాడు. "ఏం లేదే. కిక్ రాడ్ తాకింది."

"పోయిన నెల గూడ కిక్ రాడే తాకిందన్నరు. దసరాకు గూడ గదే అన్నరు. గా కిక్ రాడుకు మీ కాలు తప్ప ఇంకోటి దొరకదా?"

లోపల దేవుడి దగ్గర దీపం పెడుతున్న అత్తగారు సుమిత్రాబాయి కొడుకును వెనకేసుకొచ్చింది. "మొగోడన్నంక దెబ్బలు తాకయా వసుమతీ? ఇంత పసుపు వెట్టు, అదే మానుతది."

"వెట్టనిస్తె గద అత్తమ్మా! పెట్రోల్‌తోని తుడిచి, గ్రీసు రాసి, మీద ట్యూబు ముక్క చుట్టుకొని తిరుగుతున్నరు. కాలనుకుంటున్నరో, బండి చక్రమనుకుంటున్నరో!"

గుండేరావు నవ్వేసి బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. వసుమతికి నవ్వు రాలేదు.

ఆ పిక్క సంగతి బీదర్‌లో మోటార్ సైకిల్ పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలుసు. పెళ్లయిన కొత్తలో, జనవాడ దారిలో కోతలయిన జొన్నచేలల్లో పెట్టిన రేసులో గుండేరావు బండి జారి అతని మీదే పడింది. కాలుతున్న సైలెన్సర్ కింద పిక్క ఇరుక్కుంది. జనం పరుగెత్తుకొచ్చి లేపేసరికి తోలు ఊడిపోయింది. అయినా లేచి, బండి లేపి, రేసు పూర్తి చేశాడు. మూడోవాడిగా వచ్చాడు. ఆ రోజు మొదట వచ్చింది ఎవరో ఇప్పుడు ఒక్కరికీ గుర్తు లేదు కానీ, గుండన్న పిక్క మాత్రం పేరు తెచ్చుకుంది.

అప్పటి నుంచి రేసు అభిమానుల సంఘం వాళ్లకు అదొక ఆచారమైపోయింది. బండి ఎక్కే ముందు ప్రతి కుర్రవాడూ వంగి గుండన్న మచ్చను ముట్టుకుని కళ్లకద్దుకోవాలి. కొత్తగా సైలెన్సర్ తగిలి కాలు కాలినవాడికి 'ముద్ర పడింది' అని చెప్పి మిర్చి బజ్జీలతో విందు చేసేవాళ్లు. కాలు కాలితే సంబరపడే మనుషుల్ని వసుమతి ఇంకెక్కడా చూడలేదు. మగవాళ్ల వెర్రి అని ఇన్నాళ్లూ ఊరుకుంది.

ఈసారి ఊరుకోలేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్తతో కడుపులో నొప్పి అంది. భార్య కడుపు పట్టుకుంటే గుండేరావు పాపం కంగారుపడతాడు. అన్నం సగంలో వదిలేసి బండి మీద ఎక్కించుకుని డాక్టర్ గిద్యోను దగ్గరికి తీసుకుపోయాడు.

"ఎక్కడమ్మా నొప్పి?" అని డాక్టర్ అడిగాడు.

"నాకేం లేదు సారు. ఈయన కాలు చూడుండ్రి."

గుండేరావు లేచి పోబోయాడు. వసుమతి తలుపుకు అడ్డం నిలబడింది. ట్యూబు ముక్క విప్పగానే డాక్టర్ ముఖంలో చిరునవ్వు పోయింది. పాత మచ్చ నడుమ పుండు గుంటపడి ఉంది. దాని అంచులు గట్టిగా పైకి లేచి ఉన్నాయి. డాక్టర్ చిన్న ముక్క తీసి హైదరాబాద్‌కు పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చాక ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. అది చర్మానికి వచ్చిన క్యాన్సర్.

"కాలిన మచ్చ ఏండ్ల తర్వాత మల్ల పగిలి, నెలల తరబడి మానకుంటె ఏ కొద్దిమందికో గిట్ల అయితది," అన్నాడు గిద్యోను. "ఇంక గజ్జల్లకు పాకలేదు, అదృష్టం. ఇప్పుడే తీసేసి, తొడ మీది తోలు తెచ్చి అతికిస్తె కాలు దక్కుతది. ఆలస్యం చేస్తె కాలు పోతది. ఇంక ఆలస్యం చేస్తె మనిషే పోతడు."

గుండేరావు అడిగిన మొదటి మాట వేరే. "ముట్టుకుంటె అంటుకుంటదా సారు?"

"అంటుకోదు."

ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. ఏటా పెట్టే రేసు దగ్గర పడింది. చిట్గుప్ప నుంచి, మన్నాఏఖేళ్ళి నుంచి బండ్లు వస్తున్నాయి. రేసు అయ్యాకే హైదరాబాద్ పోదామని గుండేరావు పట్టుబట్టాడు.

"డాక్టర్ చెప్పింది ఇనలేదా మీరు?" అని వసుమతి అడిగింది.

"ఇన్న. నువ్వు నా మాట గూడ ఇను. ఈ మాట బయటికి పొక్కితె ఒక్కడన్న నా దగ్గరికొస్తడా? డాక్టర్ అంటుకోదన్నడు సరే, జనం ఇంటరా? ఇన్నేండ్లు నా కాలు ముట్టి కండ్లకద్దుకున్నోళ్లు ఇగ సబ్బు పెట్టి చేతులు కడుక్కుంటరు. గది నేను చూడలేనే."

ఆ మాటతో వసుమతికి అంతా అర్థమైంది. ఈయనకు చావంటే భయం లేదు. ఆ కుర్రవాళ్లు దూరం జరుగుతారని భయం. జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి ఆమెకు.

"నీ నోట్లెకెళ్లి ఒక్క ముక్క బయటికి రావద్దు. నా మీద ఒట్టు," అని చెప్పి గుండేరావు దుకాణానికి పోయాడు.

వసుమతి ఒట్టు వేయలేదు. మరునాడు సాయంత్రం చీర మార్చుకుని, అత్తగారికి చెప్పి, బజారుకు నడిచింది. భర్త దుకాణం గడప ఆమె ఏనాడూ తొక్కలేదు. మైసూరు రాష్ట్రం పేరు మారి కర్ణాటక అయినా ఇంకా పాత పేరే ఉన్న బోర్డు కింద సంఘం వాళ్లంతా బెంచీల మీద కూర్చుని మలుపులు ఎక్కడెక్కడ పెట్టాలో వాదించుకుంటున్నారు. వాళ్లకు పెద్ద తలకాయ కిరాణా కొట్టు నాగనాథ్. ఆమెను చూసి అతనే ముందు లేచి నిలబడ్డాడు.

"ఏంది వదినా, ఇట్లొచ్చినవ్? ఖబురు పంపితె మేమే వస్తుంటిమి గద!"

"నాగనాథ్, ఈసారి మీ అన్న కాలు ముట్టుడు లేదు, రేసు లేదు. ఆయనకు గా మచ్చల రాచపుండు లేసింది. రేపే హైదరాబాద్ తీస్కపోవాలె. ఆయన రానంటున్నడు."

బెంచీ చివర కూర్చున్న ఒకడు తెలియకుండానే అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. బల్ల వెనక ఉన్న గుండేరావు అది చూశాడు. ముఖం నల్లబడింది.

"బజార్ల నా ఇజ్జత్ తీసినవ్ గదనే!" అని అరిచాడు.

"తీసిన!" వసుమతి కూడా అరిచింది. "మీ ఇజ్జత్‌ను నేనేం జేసుకోవాలె? దాన్ని పక్కన కూసోబెట్టుకొని అన్నం తినాల్నా? నాకు మీరు గావాలె."

నాగనాథ్ ఆమె వైపు తిరిగి అడిగాడు. "డాక్టర్ ఏమన్నడు వదినా? ముట్టుకుంటె అంటుకుంటదన్నడా?"

"అంటుకోదన్నడు."

నాగనాథ్ వెళ్లి గుండేరావు ముందు గొంతు కూర్చున్నాడు. పైజామా కింద ఉబ్బెత్తుగా కనిపిస్తున్న కట్టు మీద అందరూ చూస్తుండగా చెయ్యి పెట్టాడు. "అన్నా, రేసు యాడికి పోదు. మిరుగం వానలకు ముంగట ఎన్నడన్న వెట్టుకుంటం. నువ్వు లేంది మాకేం రేసన్నా?"

కాలు కాలిన రోజు కూడా ఏడవని గుండేరావు అప్పుడు ఏడ్చాడు. పనిముట్లు పెట్టే బల్ల మీద తల పెట్టుకుని పిల్లవాడిలా ఏడ్చాడు. అది చూసి సంఘంలోని మన్నాఏఖేళ్ళి కుర్రవాడు జీవరాజ్ మెల్లగా తన ప్యాంటు అంచు మడిచాడు. "వదినా, నాకు గూడ ముద్ర పడ్డ కాడ చానొద్దుల సంది పుండు మానుతలేదు. అన్నకు చెప్తె నామోషీ అని ఊకున్న," అన్నాడు. వసుమతి అతన్ని కూడా గిద్యోను దగ్గరికి పంపింది. అది మామూలు పుండే. మందుకు మానిపోయింది.

హైదరాబాద్ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. పుండును చుట్టూ ఉన్న మచ్చతో సహా తీసేసి తొడ మీది తోలు అతికారు. కాలు దక్కింది. సంఘం వాళ్లు వంతులు వేసుకుని బండ్ల మీద వచ్చి చూసిపోయేవారు. వచ్చిన ప్రతివాడితోనూ గుండేరావు గంటలకొద్దీ ముచ్చట్లు పెట్టేవాడు. భార్యతో మాత్రం 'నీళ్లియ్యి', 'దిండు జరుపు' అనే రెండు ముక్కలే. బజారులో జరిగింది అతని కడుపులోంచి పోలేదు. వసుమతి ఆ రెండు ముక్కలతోనే సరిపెట్టుకుంది. మనిషి దక్కాడు, మాట ఎప్పుడో ఒకప్పుడు రాకపోతుందా అనుకుంది. రాత్రిళ్లు మాత్రం కొంగు కళ్లకు అడ్డం పెట్టుకునేది.

వానలు పడకముందే రేసు పెట్టారు. ఎప్పుడూ లేనంత జనం వచ్చారు. ఈసారి ఆడవాళ్లు కూడా ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చారు. నాగనాథ్ కొత్త నియమం పెట్టాడు. బండి ఎక్కేవాడు ప్రతి ఒక్కడూ ముందు డేరాలో గిద్యోనుకు కాళ్లు చూపించాలి. చూపించనివాడికి రేసు లేదు. కుర్రవాళ్లంతా ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకుని వరసలో నిలబడితే జనం ఈలలు వేశారు.

గుండేరావు కర్ర ఊతంతో మైకు దగ్గరికి వెళ్లాడు. "అందరు ఇనుండ్రి," అన్నాడు. "మచ్చ అంటె మర్దానీ, మొగతనం అని ఇన్నేండ్లు మీకు చెప్పింది నేనే. అది పగిలి మానకుంటె దాచిపెట్టింది గూడ నేనే. కాలిన మచ్చ మల్ల పుండైతె, మానకుంటె, నామోషీ పడకుండ డాక్టర్‌కు చూపియ్యుండ్రి. నా పెండ్లాం నిండు బజార్ల నా ఇజ్జత్ తీసింది. తియ్యకుంటె ఇయ్యాల మీ ముంగట నిలవడకపోదును. ఆమె మీద అలిగి ఇన్నొద్దులు మాట్లాడకుంటున్న. నా అసొంటి బేకూఫ్‌ ఇంకోడు ఉండడు."

జనం గొల్లున నవ్వారు. వసుమతి నవ్వబోయి ఏడ్చింది. పక్కన సుమిత్రాబాయి కోడలి భుజం మీద చెయ్యి వేసి, "ఆ పసుపు మాట నేను గూడ అనకుండాల్సుండె బిడ్డా," అంది.

అంతలో జనవాడ రైతుల ఇంటి మనిషి రాచమ్మ వసుమతి చెంగు పట్టి లాగింది. "అమ్మా, గా డాక్టరు ఆడోళ్లవి గూడ చూస్తడా? చిన్నప్పుడు పొయ్యిల పడి మోకాలు కాలింది నాకు. ఈ నడుమ పగిలింది."

డేరా నిండా మగవాళ్లు. వసుమతి ఎడ్లబండి మీది దుప్పటి తీసి, బండిని ఒక అడ్డం చేసి, రెండోవైపు దుప్పటి కట్టాలని చూసింది. గాలికి అది నిలవలేదు. ఎవరో వెనక నుంచి వచ్చి బయటి వైపున రెండు కొసలూ ఎత్తి పట్టుకున్నారు. గుండేరావు. కర్ర కింద పడేసి, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు. రాచమ్మ వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు చేరారు.

జెండా ఊపారు. జావాలూ రాజ్‌దూత్‌లూ ఒక్కసారిగా గర్జించాయి.

"రేసు చూడరా?" వసుమతి లోపలి నుంచి అడిగింది.

"చెయ్యి ఇడిస్తె దుప్పటి ఎగిరిపోతది. నువ్వు నీ పని చూడు," అన్నాడతను. బజారు గొడవ తర్వాత ఆమెతో అతను మాట్లాడిన మొదటి పొడుగు మాట అది.

గిద్యోను వచ్చి రాచమ్మ మోకాలు నొక్కి చూసి, గజ్జలో గడ్డలున్నాయేమో తడిమి, రేపే ఆసుపత్రికి రమ్మన్నాడు. ముక్క తీసి పరీక్షించాలని, ఏదైనా ఇంకా చిన్నగానే ఉందని, కాలుకు భయం లేదని చెప్పాడు. రాచమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఏమన్నడే?" దుప్పటి అవతల నుంచి గుండేరావు ఆగలేక అడిగాడు.

"చిన్నగున్నప్పుడే దొరికిందట. కాలుకేం గాదట."

"గెలిచినం!" అని గుండేరావు చేతులు దించకుండానే గొంతెత్తి అరిచాడు. బండ్లు ఇంకా సగం చుట్లు తిరగలేదు. ఎవరు గెలిచారో తెలియక జనమంతా మెడలు సాచి మైదానం వైపు చూశారు.